జింక విన్న పొగాకు

నిజం చెప్పేస్తాను, ఇప్పుడు భయం లేదు కాబట్టి. నేను వేట మొదలుపెట్టింది జింక కోసం కాదు, ఖైనీ కోసం. ఐర్లండ్‌లో మేయో కొండల్లో ఒక రాతిగోడ వెనక నాలుగు గంటలు ఒంటరిగా కూర్చోవచ్చని, అక్కడ ఫోను సిగ్నల్ కూడా ఉండదని విన్న రోజే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పొగాకు నమలడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

మా ఆవిడ ఆ కొండల దగ్గరి కాజిల్‌బార్ ఊళ్ళో నర్సు. నేను గుండె ఆపరేషన్లకు వాడే సన్నటి గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరును. ఇద్దరిదీ ఒంగోలు వైపే, పొగాకు పండే నేల. మా మామగారు పచ్చాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు కాల్చే పని చేసేవారు. దవడన పొగాకు కాడ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. చివరికి ఆ దవడకే పుండు లేచింది. ముక్కులోంచి గొట్టం వేస్తే, నాలుగు నెలలు దానిలో గంజి పోసి ఆయన్ని చూసుకున్నది మా ఆవిడే. అప్పటికి ఆమె నర్సింగు రెండో ఏడు చదువుతోంది.

విచిత్రం ఏమిటంటే, ఒంగోలులో ఉన్నన్నాళ్ళూ నాకు పొగాకు వాసనే పడేది కాదు. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేసేటప్పుడు పట్టుకుంది ఈ దరిద్రం. ఎడమ అరచేతిలో చిటికెడు ఆకు, గోటితో ఇంత సున్నం, కుడి బొటనవేలితో మెత్తగా నలపడం, దుమ్ము ఎగిరిపోవడానికి పైన నాలుగు వేళ్ళతో ఫట్ ఫట్ అని రెండు దెబ్బలు, ఆపైన కింది పెదవి లోపలికి. ఆ ఫట్ ఫట్ వినిపిస్తే చాలు, మిషన్ల వెనక నుంచి నాలుగు చేతులు చాచుకుని వచ్చేవి. పంచుకోకుండా వేసుకున్నవాణ్ణి మనిషిగా చూసేవాళ్ళు కాదు.

ఐర్లండ్ వచ్చాక పంటి డాక్టరు ఒకరోజు నా పెదవి లోపల తెల్లమచ్చ చూశాడు. జీపీ, అంటే మా మామూలు డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. చిన్న ముక్క కోసి పరీక్ష చేశారు. క్యాన్సర్ కాదు, బతికిపోయాను. కానీ పొగాకు మానకపోతే ఆ మచ్చ ఏమవుతుందో ఎవరూ చెప్పలేరన్నాడాయన.  ఇంటికొచ్చాక మా ఆవిడ వాళ్ళ నాన్న బైబిల్ తెచ్చి నా ముందు పెట్టింది.

"చెయ్యి పెట్టు. ఇంకోసారి ఆ గొట్టంలో గంజి పొయ్యటం నా వల్ల కాదు," అంది.

పెట్టాను. నెల రోజులు నిలబడ్డాను కూడా. తరవాత డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఉండే ఒక స్నేహితుడు ఇండియా వెళ్ళొస్తూ కందిపొడి ప్యాకెట్ల కింద నాలుగు ఖైనీ పొట్లాలు తెచ్చిచ్చాడు. వద్దనాలి కదా? అనలేదు. ఆ తరవాత తెచ్చిన ప్రతిసారీ కూడా అనలేదు. సిగ్గు లేని నోరు.

సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన క్యాంటీన్‌కి వచ్చి వేట సంగతులు చెప్పాడు. ఒక రైతు పొలంలో లేత మొక్కల్ని ఎర్రజింకలు మేసేస్తున్నాయట, ఆయన అనుమతితో వేటాడుతున్నాడట. నేనూ వస్తానన్నాను. బీపీకి నడక మంచిదని మా ఆవిడ కూడా సంతోషించింది! మొదటి ఏడు ఉత్త చేతులతో ఆయన వెంట తిరిగాను. తరవాత శిక్షణ, పరీక్ష, ఇంట్లో గోడకు బిగించిన ఇనుప బీరువా, దాన్ని చూసిపోవడానికి వచ్చిన గార్డులనే ఇక్కడి పోలీసులు, లైసెన్సు. ఇంత తతంగం ఒక చిటికెడు పొగాకు కోసం. తిరిగి వచ్చేటప్పుడు పెట్రోలు బంకులో నోరు పుక్కిలించి, రెండు లవంగాలు నమిలి ఇంట్లో అడుగుపెట్టేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే.

అయితే మధ్యలో ఒక సంగతి జరిగింది. నాకు జింక మీద నిజంగానే మనసు పడింది. తెల్లవారుతుంటే పొగమంచులోంచి కొమ్ములు ముందు కనిపించి, ఆ తరవాత తల, ఆ తరవాత ఒళ్ళు కనిపిస్తుంటే నా గుండె ఎంత కొట్టుకునేదో! ఒక్కటైనా నా చేత్తో కొట్టాలి, ఇంటికి మాంసం తేవాలి అనే పంతం పట్టుకుంది. కానీ ఎన్నిసార్లు వెళ్ళినా జింక దగ్గరికి రావడం, ఏదో అయినట్టు పారిపోవడం. గాలి మారిందేమో అనేవాడు పెద్దాయన. నేనూ తల ఊపేవాణ్ణి.

ఆ నవంబరు ఉదయం గాలి మారలేదు. ఇద్దరం గోడ వెనక ఉన్నాం. రెండు గంటలు గడిచాక పెద్ద మగజింక ఒకటి చెట్లలోంచి బయటికి వచ్చి, మెల్లగా మావైపే నడుస్తోంది. పెద్దాయన మోచేత్తో నన్ను పొడిచాడు, నీదే అని.  ఆ ఆత్రంలో నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలియదు, దేవుడి తోడు. ఎడమ అరచేతిలో ఆకు ఎప్పుడు పడింది, బొటనవేలు ఎప్పుడు నలిపింది, ఏమీ తెలియదు. ఫట్ ఫట్ అని వినిపించాక తెలిసింది.

హైదరాబాద్‌లో ఆ చప్పుడుకు నలుగురు వచ్చేవాళ్ళు. ఇక్కడ జింక తల ఒక్కసారి ఎత్తి, మూడు గెంతుల్లో కొండ దాటేసింది.

"ఏంటది?" అన్నాడు పెద్దాయన.

"దోమ," అన్నాను.

"మేయోలో. నవంబరులో."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి చూశాడు, వాసన చూశాడు, తుమ్మాడు. ఇన్ని వారాలుగా జింకలు ఎందుకు పారిపోతున్నాయో ఆయనకు ఆ తుమ్ములో అర్థమైంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మీ ఆవిడకు తెలుసా?"

తెలియదన్నాను. మచ్చ సంగతి, మామగారి సంగతి, బైబిల్ సంగతి అన్నీ కక్కేశాను. ఆయన నా చెయ్యి వదిలేశాడు.

"ఇద్దరి దగ్గర దాస్తున్నావన్నమాట, ఆమె దగ్గర, జింక దగ్గర. జింక ముందు కనిపెట్టింది. చూడబ్బాయ్, నీ నోరు నీ ఇష్టం. కానీ అది జేబులో ఉంటే నా కారు ఎక్కకు."

పొట్లం అక్కడే చింపి, ఆయన ఇచ్చిన సంచిలో వేశాను. ఇంటికి వెళ్ళి మిగతావి కూడా చెత్తబుట్టలో పారేశాను. ఆపైన రెండు వారాలు ఎలా గడిచాయో పగవాడికి కూడా వద్దు. తలనొప్పి, కోపం, ఊరికే కప్పులు ఎత్తి పడెయ్యడం. కొండ మీద నోరు ఊరుకోదు. వక్కలు నమిలితే కటకటమని పక్క కౌంటీకి వినిపిస్తోంది. చాక్లెట్ కాగితం విప్పితే పెద్దాయన గుడ్లురిమి చూస్తాడు. చివరికి మా వంటింటి అల్మారాలో ఒక సీసా నిండా ఎండు ఉసిరికాయ ముక్కలు కనబడ్డాయి. నాలుక కింద పెట్టుకుంటే చప్పుడు లేదు, అరగంట నిలుస్తుంది. బతికానురా దేవుడా అనుకున్నాను.

సీసా ఖాళీ అవుతున్న సంగతి మా ఆవిడ కంట పడకుండా ఉంటుందా! డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా సీసా ఎత్తి చూపించింది.

"ఇవన్నీ ఎవురు తింటన్నారయ్యా? కడుపుతో ఉన్నోళ్ళెవురూ లేరే ఇంట్లో."

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు ఇక దాచే ఓపిక లేదు. చెప్పేశాను. ఏడాదిన్నరగా కొండ మీద చేసింది ఏమిటో, ఎలా మానానో, అంతా. వింటూ వింటూ కుర్చీలో కూలబడింది.

"మా నాయన బైబిల్ మీద చెయ్యి పెట్టి, పెట్రోలు బంకులో నోరు కడుక్కునొచ్చావా?"

"ఇప్పుడు మానేశాను. నిజం."

"అప్పుడూ ఇదే చెప్పావుగా," అంది.

అరిస్తే బాగుండేది. ఆ రోజు నుంచి ఆమె అరవలేదు, తిట్టలేదు, అన్నం పెట్టింది, పలకరించింది. కానీ నేను ఏం చెప్పినా "సరే" అనేది. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందంటే సరే. పాలు తెచ్చానంటే సరే, లేచి వెళ్ళి ఫ్రిజ్‌లో చూసుకునేది. నా జాకెట్ జేబులు తడిమేది, నా ముందే. నేను పొగాకు మానిన మాట నిజం, కానీ ఆ నిజం ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ అక్కరలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీద అంటే ఏం చెప్పను?

డిసెంబరు ఆఖరుతో మగజింకల వేట బంద్. క్రిస్మస్ అయిపోయాక ఇంకో రెండు రోజులే మిగిలాయి. వెళ్ళొస్తానన్నాను. సరే అనలేదు ఈసారి.

"నేనూ వస్తా," అంది.

"చలి. బురద."

"పొద్దస్తమానం ముసలోళ్ళని ఎత్తి దించేదాన్ని, నాకు బురద చెప్తన్నావా? నువ్వు కొండ మీద ఏం చేస్తావో నా కళ్ళతో చూడాల."

పెద్దాయన ఆమె ఎర్ర కోటు చూసి నెత్తి పట్టుకుని, తన భార్య ఆకుపచ్చ కోటు తెచ్చి ఇచ్చాడు. అది మోకాళ్ళ దాకా వేలాడింది. మధ్యాహ్నం ఒంటిగంటకు గోడ వెనక చేరాం. నేను ముందు, నా వెనకే మా ఆవిడ, కొంచెం పక్కగా పెద్దాయన. నా జేబులో ఉసిరికాయ కూడా లేదు. బుద్ధిపూర్వకంగానే తేలేదు. సన్నగా తుంపర.

మొదటి గంట గ్రాండ్‌గా గడిచింది. రెండో గంటలో నోరు పీకడం మొదలైంది. కుడి బొటనవేలు ఖాళీ అరచేతిలో దానంతట అదే తిరుగుతోంది, ఏదో ఉన్నట్టు నలుపుతోంది. ఆపితే మళ్ళీ మొదలు. వెనక నుంచి ఆమె చూస్తోందని తెలుసు. ఛీ, ఇదేనా నా బతుకు అనిపించింది. అప్పుడు ఆమె చల్లటి చెయ్యి పక్క నుంచి వచ్చి నా అరచేతిలో పడింది.  వేళ్ళు బిగించి అలాగే ఉంచింది. నా బొటనవేలికి ఇక నలపడానికి చోటు లేకపోయింది.

మూడో గంట అలాగే కూర్చున్నాం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆమె పెదవులు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది, ప్రార్థన చేసుకుంటోంది. వెలుతురు తగ్గుతోంది, ఇంకో పావుగంటలో తుపాకీ దించెయ్యాలి. సరిగ్గా అప్పుడు వచ్చింది. చెట్ల అంచున ముందు కొమ్ములు, తరవాత తల. ఆగింది. చెవులు మా వైపు తిప్పింది. విను నాయనా, ఎంత కావాలంటే అంత విను, ఈ రోజు నీకు వినబడడానికి నా దగ్గర ఏమీ లేదు అనుకున్నాను. అది తల వంచి మేత మొదలుపెట్టింది.

ఆమె తన చెయ్యి తీసుకుంది. గోడ మీద పరిచిన సంచికి రైఫిల్ ఆనించాను. నూరు గజాలు కూడా ఉండదు. జింక పక్కకు తిరిగింది, భుజం వెనక నాకు చోటు ఇచ్చింది. ఊపిరి సగం వదిలి నొక్కాను.

ముప్పై అడుగులు పరిగెత్తి పడిపోయింది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి కర్రతో కన్ను తాకి, ప్రాణం లేదని చూసుకుని, టోపీ తీసి గాల్లోకి విసిరాడు. నేను అరిచాను. కొండలు మారుమోగేలా, ఒంగోలు గిత్త రంకె వేసినట్టు అరిచాను! పాపం, దాని ఒంటి మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగా ఉంది. మా ఆవిడ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ నిమిరింది. తిరిగి వచ్చేటప్పుడు బురదలో రెండుసార్లు పడింది, రెండుసార్లూ నన్నే తిట్టింది. దాదాపు నెల తరవాత తిట్లు! ఎంత తీపిగా ఉన్నాయో.

అయినా నమ్మానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

జనవరి మొదటి ఆదివారం. ఊళ్ళో ఒక హాలు అద్దెకు తీసుకుని మా తెలుగువాళ్ళం ఆరాధన చేసుకుంటాం. కొత్త సంవత్సరం సాక్ష్యాలు చెప్పే రోజు. ఒకరికి వీసా వచ్చింది, ఒకరికి ఇల్లు దొరికింది. నేను లేచాను. పాస్టరుగారి ముందు, అరవైమంది ముందు, చేతులు కట్టుకుని మొత్తం చెప్పాను. తెల్లమచ్చ, బైబిల్, అబద్ధం, ఫట్ ఫట్, దోమ. దోమ దగ్గర హాలంతా నవ్వింది. చివర్లో, ఏడు వారాలైంది, పొగాకు ముట్టలేదు అన్నాను.  ఒకసారి అబద్ధమాడినవాడి మాట కదా, ఎవరికి మాత్రం తెలుసు! వాళ్ళ ముఖాల్లో అదే ప్రశ్న కనబడింది. నేను మాత్రం ఏం రుజువు చూపించగలను?

ఆడవాళ్ళ వైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. పాటకు తప్ప ఆ హాల్లో ఏనాడూ నోరు విప్పని మా ఆవిడ లేచి నిలబడింది. పమిట సర్దుకుంది. 

"ఆయన చెప్పింది నిజమేనండీ," అంది. "కొండ మీద గంటన్నర సేపు ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది."

కూర్చుంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. పాస్టరుగారు కూర్చోమని రెండుసార్లు చెప్పారట, నాకు వినబడలేదు.