కువైట్ మీద మా గని విచారణ

2003 మార్చిలో నేను గోదావరిఖనిలో ఒక భూగర్భ గనికి సేఫ్టీ ఆఫీసర్ని. ప్రమాదం జరక్కుండా చూడటం, జరిగితే కారణం విచారించి మేనేజరుకు నివేదిక ఇవ్వడం నా పని. ఆ నెలలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. క్యాంటీన్ టీవీ ముందు టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ సేనాపతే. ఆ గోల వింటే నాకు ఒళ్లు మండేది.

మైనింగ్ సర్దార్ రాజమల్లు మాత్రం టీవీ వైపు చూసేవాడు కాదు. సర్దార్ అంటే కార్మికులకన్నా ముందు లోపలికి దిగి, గ్యాసు పరీక్షించి, కర్రతో పైకప్పు తట్టి చూసి, ఫర్వాలేదంటే మనుషుల్ని పనిలోకి పంపేవాడు. ఒక ఉదయం అతను టోపీ దీపం తీసుకోకుండానే గని మొగదాకా నడిచాడు. ఆపి నా గదిలో కూర్చోబెట్టాను. బుర్ర ఇంకెక్కడో ఉన్న సర్దార్ని దింపడం నా వల్ల కాదు.

సంగతి బామ్మర్ది శ్రీనుది. ఇరాక్ పక్కనే ఉన్న కువైట్‌లో ఒక సేటు దగ్గర, అంటే అరబ్బు యజమాని దగ్గర, డ్రైవరు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు రాజమల్లు అక్కడే పనిచేస్తూ, నానా అవస్థలు పడి జోర్డాన్ మీదుగా ఇల్లు చేరినవాడు. ఇప్పుడు భార్య లక్ష్మి, తమ్ముణ్ణి రప్పించేదాకా అన్నం ముట్టనంటోంది. శ్రీనేమో వస్తే మళ్లీ వీసా దొరకదని మొండికేశాడు.

"నేను సూసిన సార్. లడాయంటె ఉరుకుడే," అన్నాడు రాజమల్లు.

నాకు చిర్రెత్తింది. ఒకచోట కప్పు కూలిందని, ఇక ఎవరూ గని దిగొద్దని నేనెప్పుడైనా రాశానా? సరే, నీ లడాయినే విచారిద్దాం అన్నాను. ప్రమాదం తర్వాత సాక్షిని అడిగే వరసలోనే అడిగాను. మొదట ఏం చేశావు, ఎక్కడ ఆగిపోయావు, ఏది లేక ఆగిపోయావు.

చాలాసేపు బాంబుల మాటే చెప్పాడు. తరిచి అడిగితే తేలింది వేరు. అక్కడ పనివాళ్ల పాస్‌పోర్టులు యజమానులే దాచుకుంటారు; అతనిది అప్పటి సేటు ఇంట్లో ఉండిపోయింది, సేటు ఇంటికి తాళం వేసి పారిపోయాడు. తోటివాళ్లు బస్సెక్కి వెళ్లిపోతుంటే అది లేక వారాల తరబడి అక్కడే పడి ఉన్నాడు. చెబుతూ చెబుతూ తనే ఆగాడు.

"శీనుగానిది గూడ సేటు కాడనే ఉన్నది సార్."

మా కార్మికులు నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ అనే డబ్బా కట్టుకుని దిగుతారు. విషవాయువు కమ్మితే ఆ డబ్బా గుండా ఊపిరి తీసుకుంటూ బయటపడాలి. మీ బామ్మర్ది డబ్బా ఇంకొకరి ఇంట్లో ఉంది, ముందు అది నడుముకు కట్టించు, ఉండటమా రావటమా తర్వాత చూద్దువు అని చెప్పి, ఆ రోజుకు సెలవిచ్చి పంపాను.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో లక్ష్మే మాట్లాడిందట.

"తమ్మీ, నిన్ను రమ్మంటలేను. జల్ది పొయ్యి నీ పాస్‌పోర్టు తెచ్చుకో. సేటు అడిగితె, మా అక్కకు ఫికరైతున్నదని చెప్పు."

సేటు ఏమనుకున్నాడో ఏమో, మారుమాట లేకుండా ఇచ్చేశాడు. శ్రీను మళ్లీ ఫోన్ చేసి, పాస్‌పోర్టు తన నడుముకే కట్టుకున్నానని చెప్పాక లక్ష్మి కంచం ముందు కూర్చుంది. మర్నాడు రాజమల్లు దీపం తగిలించుకుని డ్యూటీకి వచ్చాడు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. శ్రీను పారిపోయి రావలసిన అవసరం పడలేదు. యుద్ధం సద్దుమణిగాక సెలవు మీద, తన ఇష్టంతో వచ్చాడు.

పాత ప్రమాదంలో ఏం జరిగిందని అడిగితే భయమే చేతికొస్తుంది, ఏది లేకపోయిందని అడిగితే చెయ్యాల్సిన పని తెలుస్తుంది. పదవీ విరమణ దాకా నా విచారణల్లో మొదటి ప్రశ్న అదే.