నరకలోయలో దొరికిన ముక్కు

కరోనా తగ్గినా నా ముక్కు పనిచేయలేదు. జర్మనీలో, మేముండే డ్యూసెల్‌డార్ఫ్‌లో రెండేళ్ళపాటు పోపు మాడిందో లేదో కూడా మావారినే అడిగి వండాను. "ఇల్లేమైనా కంపు కొడుతోందా?" అంటే, "శుభ్రంగా ఉందోయ్" అనేవారు.

జపాన్‌లోకి మళ్ళీ పర్యాటకుల్ని రానివ్వగానే అక్కడి హొక్కైడో దీవికి వెళ్ళాం. నక్షత్రంలా కట్టిన పాత కోట, సరస్సులు అన్నీ చూశాను. వాసన లేకపోతే అన్నీ క్యాలెండర్ బొమ్మలే. నరకలోయ అనే చోట మాత్రం, పచ్చటి రాళ్ళలోంచి లేస్తున్న గంధకం పొగ గుప్పున కొట్టింది. కుళ్ళిన గుడ్ల కంపు! అయినా మాస్కు లాగేసి గుండెలనిండా పీల్చాను.

"ఛీ, అందరూ చూస్తున్నారు!" అన్నారాయన.

"చూడనివ్వండి. నాకు వాసనొస్తోంది!" అని ఏడ్చేశాను.

ఆ సంతోషం ఇల్లు చేరేదాకానే. తలుపు తీయగానే ఆయన బూట్ల అలమరలోంచి మళ్ళీ అదే నరకలోయ! బూట్లన్నీ బాల్కనీలోకి గిరాటేశాను. ఇప్పుడు ఆయన శుభ్రమన్న ప్రతిదీ నేను వాసన చూశాకే నమ్ముతాను.