నీలం టబ్బుకు పోయిన ఎర్రయ్య సాక్ష్యం

మొన్న నేను ఎంత తెలివితక్కువ పని చేశానో చెబుతాను, టీ చల్లారేలోపు వినండి. భయపడకండి, చివరికి అంతా సర్దుకుంది. సర్దుకోకపోయి ఉంటే ఇలా మీ ముందు కూర్చునేవాడిని కాదు. కన్నమ్మకు కనబడకుండా ఇంద్రావతి అవతల ఎక్కడో తిరుగుతుండేవాడిని.

మీ అందరికీ తెలుసు, నేను కాగితాల మనిషిని. మా నాయన చదువు రాక ఒక షావుకారు పెట్టిన కాగితం మీద వేలిముద్ర వేసి మూడెకరాలు పోగొట్టుకున్నాడు. నేను కిరండూల్ గనుల దగ్గర రాళ్లు మోస్తూ, ముప్పై ఏళ్ల వయసులో, తోటి కూలీ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి కనబడిన ప్రతి మనిషికీ ఒకటే మాట: చదవకుండా వేలు పెట్టొద్దు. తునికాకు కార్డు దగ్గర చెప్పాను, బ్యాంకు ఫారం దగ్గర చెప్పాను. పెళ్లి పత్రిక ఇచ్చినా ముందు చదవమన్నాను. నన్ను చూసి జనం దారి మార్చుకునేంత చెప్పాను.

అందుకే మా ఊరి వన అధికార సమితి కాగితాలన్నీ నా దగ్గరే ఉంటాయి. అడవి అంచున దున్నుకునే వాళ్లకు పట్టా రావాలంటే, ఆ భూమిని ఎప్పటి నుంచో వాళ్లే సాగు చేస్తున్నారని రుజువు చూపాలి. ఊరి పెద్దల సాక్ష్యం కూడా రుజువే. మా వాడలో కన్నమ్మ ఉంది. దోర్ల తెగ మనిషి, భర్త లేడు, వాగు అవతల రెండెకరాల చేను ఒక్కటే ఆధారం. ఆ చేను ఆమె మామ చేతుల్లో మొదలైందని కళ్లారా చూసినవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు, ఎర్రయ్య తాత. ఎండాకాలంలో ఆయనను చేను చుట్టూ నడిపించి, ఏ ఇప్పచెట్టు దగ్గర హద్దు మొదలై ఏ పుట్ట దగ్గర తిరుగుతుందో చెప్పిస్తూ నా ఫోన్‌లో వీడియో తీశాను. వానలు పడే రోజుల్లో తాత పోయాడు. ఇక ఆ వీడియోనే తాత.

దాన్ని ఇంకెక్కడికైనా పంపుదామంటే మా ఊళ్లో సిగ్నల్ అంత పెద్ద వీడియోను మోయలేదు. భోపాల్‌పట్నంలో సర్కారు దరఖాస్తులు కంప్యూటర్‌లో పెట్టే చాయిస్ సెంటర్ నడిపే లక్ష్మి ఎన్నోసార్లు చెప్పింది. "బాపూ, ఫోన్ తీసుకరా, పెన్‌డ్రైవ్‌ల ఎక్కిస్త. ఒక్క తావు నమ్ముకోకు."

నేను వినలేదు. పాతికేళ్ల కింద ఒక గుమాస్తా అసలు కాగితాలు తీసుకుని "రేపు రా" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. "నా దగ్గర ఉన్న ఆధారం నా చెయ్యి దాటదు" అన్నాను లక్ష్మితో. చాలా గొప్పగా అన్నాను.

విచారణ సోమవారం అని నోటీసు వచ్చింది. చేను ఫోటోలు కూడా తెమ్మన్నారు. ఫోటో తీయబోతే ఫోన్ మొరాయించింది. స్టోరేజ్ నిండిపోయిందట. నిండదా మరి, పొద్దున లేస్తే చుట్టాలందరూ పువ్వుల బొమ్మలు పంపుతారు. వాటిని తుడిచేద్దామంటే పొరపాటున తాత కూడా తుడుచుకుపోతాడేమోనని భయం. పట్నం పోయి ఒక మెమరీ కార్డు కొన్నాను. దుకాణదారుడు "లావో కాకా, డాల్ దేతా హూఁ" అని తనే వేసిస్తానన్నాడు. ఇవ్వలేదు. నాకు రాదా ఏంది?

ఇంటికొచ్చి వేశాను. ఫోన్ హిందీలో ఏదో అడిగింది. ఈ కార్డును ఫోన్ సొంత స్టోరేజ్‌గా వాడాలా, విడి కార్డుగా వాడాలా అని. సొంతం అంటేనే భద్రం కదా, అది నొక్కాను. ఆ తర్వాత చీమ తలకాయంత అక్షరాలతో ఒక పేజీ నిండా ఏదో వచ్చింది. కింద ఓకే అని ఉంది. మా ఆవిడ సమ్మక్క అన్నానికి పిలుస్తోంది. అద్దాలు దూలానికి వేలాడే సంచిలో ఉన్నాయి. బొటనవేలు పెట్టి నొక్కేశాను.

అవును, చదవకుండా. నవ్వండి, ఏమనుకోను.

"ఫోటోలు, వీడియోలు కార్డులోకి తరలించాలా" అంది. దానికీ నొక్కాను. అన్నం తినేసరికి ఫోన్ పెనం మీది రొట్టెలా కాలింది గానీ పని పూర్తయింది. చోటే చోటు. కన్నమ్మ చేనుకు పోయి కంచె, గట్టు, కుండీ, చివరికి ఆమె మేకను కూడా ఫోటో తీశాను.

గురువారం నాకొక ఆలోచన వచ్చింది. ఇంత విలువైన ఆధారం జేబులో పెట్టుకుని వాగు దాటుతున్నాను, ఫోన్ నీళ్లలో పడితే? కాగితమైతే ఏం చేస్తాను? పాలిథిన్‌లో చుట్టి పెట్టెలో పెడతాను. అదే చేశాను. కార్డు బయటికి తీసి, మూడు మడతల పాలిథిన్‌లో చుట్టి, దారం కట్టి, రేకు పెట్టెలో పట్టాల కింద పెట్టి తాళం వేశాను. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక ఫోన్ పని చూడండి. ఒక్క ఫోటో లేదు. ఉన్న యాప్‌లు సగం మాయం. "కార్డు పెట్టండి, కార్డు పెట్టండి" అని పైన ఒకటే గోల. ఏది నొక్కినా బిగుసుకుపోతోంది. నేనేమీ కంగారు పడలేదు. తాత పెట్టెలో ఉన్నాడు కదా.

"ఇది పోయిందే" అన్నాను సమ్మక్కతో. "పాతదైంది. ఇగ ఏం చేసుకుంటవో చేసుకో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. శనివారం మా సంత. పాత ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చే వ్యాపారి వచ్చాడు. సమ్మక్క జాగ్రత్త గల మనిషి. సిమ్ తీసి నా మీటల ఫోన్‌లో వేసి, ఆ పాడైన ఫోన్ అతనికిచ్చి, ఒక పెద్ద నీలం టబ్బు తెచ్చింది.

"ఎట్లుంది?" అంది.

"గట్టిగ ఉంది" అన్నాను. అందులో గోరువెచ్చని నీళ్లు పోయించుకుని కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను కూడా. మోకాళ్ల నొప్పులకు ఎంత హాయిగా ఉందో.

ఆదివారం పొద్దున కార్డు పొట్లం బొడ్లో దోపుకుని, కన్నమ్మను వెంటబెట్టుకుని లక్ష్మి దగ్గరికి పోయాను. విచారణకు ముందు ఒక కాపీ తీయిద్దామని ఇప్పటికి బుద్ధి పుట్టింది. లక్ష్మి కార్డును కంప్యూటర్‌కు పెట్టింది. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది.

"ఫార్మాట్ చెయ్యాలంటుంది బాపూ."

"చెయ్యి మరి, ఎందుకాగినవ్?" అన్నాను. ఫార్మాట్ అంటే ఏదో ఫారం నింపడం అనుకున్నాను.

లక్ష్మి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "అది నొక్కితే కార్డుల ఒక్కటి మిగలదు. చదవకుండ నొక్కొద్దని నువ్వే కదా చెప్తవ్." తర్వాత నా ముఖంలోకి చూసింది. "బాపూ, కార్డు పెట్టినప్పుడు ఫోన్ స్టోరేజ్ అని గాని నొక్కినవా?"

"నొక్కిన. అదే కదా భద్రం."

"అట్ల నొక్కితే ఈ కార్డుకు ఆ ఫోన్ తాళం వేస్తది. తాళంచెవి ఆ ఫోన్‌లనే ఉంటది. ఇంకే ఫోన్‌ల పెట్టినా, ఏ కంప్యూటర్‌ల పెట్టినా తెరుసుకోదు. బయటికి తియ్యొద్దని కూడా చెప్తది, చిన్న అక్షరాలతోని. ఏం కాదులే, ఫోన్ ఇటియ్యి, మళ్ల పెడదాం."

నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

"ఫోన్ ఏది బాపూ?"

"ఫోన్... టబ్బయింది."

"ఏందీ?"

చెప్పాను. కన్నమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ లేచి, "ఆ టబ్బోడు ఇయ్యాల ఏ సంతల ఉంటడు?" అంది.

వాళ్లు సంత వెంట సంత తిరుగుతారు. ఆదివారం ఎక్కడో సమ్మక్కకు తెలుసు. సంతలకు సామాన్లు మోసే పికప్ ఎక్కి ముందు మా ఇంటి దగ్గర ఆపించాం. టబ్బులో దుప్పట్లు నానబెట్టి ఉన్నాయి.

"ఒక్కనాడన్న ఉండనియ్యవా?" అంటూ సమ్మక్క దుప్పట్లన్నీ అరుగు మీద కుమ్మరించింది. "నువ్వే కదా ఏమన్న చేసుకొమ్మన్నవ్? నోరు నీది, తప్పు నాదా?"

నేను టబ్బు ఎత్తుకుని మళ్లీ పికప్ ఎక్కాను. పికప్ వెనక లక్ష్మి, కన్నమ్మ, ఉల్లిగడ్డ బస్తాలు. మధ్యలో తడి టబ్బును కౌగిలించుకుని నేను. దారిలో కన్నమ్మ నోరు తెరిచింది.

"అన్నా, నా పెండ్లప్పుడు కూడ నన్ను వేలు పెట్టనియ్యలే నువ్వు. రిజిస్టర్ల ఏం రాసిన్రో గంటసేపు చదివినవ్. పీటల మీద ఆకలికి కండ్లు తిరిగినయ్ నాకు."

"అవునే."

"గంత చదివేటోనివి, నా చేను కాడికొచ్చేసరికి కండ్లు పోయినయా?"

"అద్దాలు దూరంగ ఉండె."

"దూలం ఎంత దూరమే?"

నేను టబ్బు అంచు వెనక తల దాచుకున్నాను. షావుకారు పెట్టిన కాగితానికీ ఆ ఫోన్ అద్దానికీ తేడా ఏముంది? మా నాయన చదువు రాక వేలు పెట్టాడు. నేను చదువొచ్చి పెట్టాను. ఆయన తన భూమి పోగొట్టుకున్నాడు, నేను ఇంకొకరిది.

సంతలో వ్యాపారి దొరికాడు. మగ్గులు, బిందెలు దండలా కట్టి కూర్చున్నాడు. పక్కన గోనెసంచి నిండా పాత ఫోన్లు. నా ఫోన్ సంచిలో లేదు, అతని చేతిలో ఉంది. మూల పగులు, వెనక నేను అంటించిన సమితి స్టిక్కర్ దూరం నుంచే గుర్తుపట్టాను. అమ్మడానికి తయారు చేస్తున్నాడు.

"అరే, కుఛ్ దబావో మత్" అని సంతంతా వినబడేలా అరిచాను, ఏమీ నొక్కకురా అని.

అతను బిత్తరపోయాడు. అప్పుడు చెప్పాడు, హిందీలోనే. ఫోన్ బాగానే ఉంది కాకా, లోపలి చెత్తంతా తుడిచి రీసెట్ కొట్టి అమ్ముదామని పొద్దుటి నుంచి చూస్తున్నాను, బ్యాటరీ పది శాతం కూడా నిలవడం లేదు, చార్జింగ్ చాలదని రీసెట్ కావడం లేదు, ఏం బ్యాటరీ ఇది అని. నేను రెండేళ్లుగా తిట్టిన బ్యాటరీ అది. మనసులోనే దానికి దండం పెట్టుకున్నాను.

"కార్డు తెరవాలంటే తాళంచెవి ఈ ఫోన్‌లనే ఉంది" అంది లక్ష్మి మెల్లగా. "రీసెట్ అయ్యుంటే ఎవ్వలూ ఏం చెయ్యలేకపోదురు."

టబ్బు ముందుకు తోశాను. అతను తిప్పి చూసి, అడుగున చీలిక చూపించాడు. పికప్‌లో ఉల్లిగడ్డ బస్తా మీద పడినప్పుడు చీలినట్టుంది. పగిలిన టబ్బుకు మంచి ఫోన్ ఎలా ఇస్తానన్నాడు. కన్నమ్మ కింద కూర్చుంది. మా ప్రాంతపు ఆడది సంతలో కింద కూర్చుందంటే బేరం తెగేదాకా లేవదు. తనకు వచ్చిన నాలుగు భాషల్లోనూ మాట్లాడింది. చివరికి హిందీలో, "టబ్బు చాలకపోతే ఈయనను కూడా ఉంచుకో. గట్టోడే, నీళ్లు మోస్తడు" అని నన్ను చూపించింది.

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఈయన మాడల్ చాలా పాతది అమ్మా" అన్నాడు. ఫోన్ ఇచ్చేశాడు. చార్జింగ్ పెట్టుకోమని తన పవర్ బ్యాంకు కూడా ఇచ్చాడు. మంచి మనిషి.

లక్ష్మి తన జాకెట్ పిన్నీసు తీసి కార్డు అర తెరిచింది. కార్డు పెట్టింది. ఫోన్ చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్కొక్కటే, పువ్వుల బొమ్మలు, కంచె, గట్టు, మేక. ఆ కింద ఎర్రయ్య తాత, చేతికర్ర పట్టుకుని.

"ఇగో, ఈ ఇప్పచెట్టు కాడ నుంచి" అన్నాడు తాత. "కన్నమ్మ మామ నాగలి కట్టిన నాడు నేను ఈడనే ఎడ్లు కాస్తున్న."

కన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూరగాయల వాళ్లు కూడా వచ్చి చూస్తున్నారు. అప్పుడు వీడియోలో వెనక నుంచి నా గొంతు, ఎంత దర్జాగానో: "నిమ్మళంగ చెప్పు తాతా. ఆధారం నా చేతుల ఉన్నంక దానికేం గాదు."

మొదట నవ్వింది టబ్బు వ్యాపారే. అతనికి తెలుగు రాదు, నా ముఖం చూసి నవ్వాడు. తర్వాత కన్నమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఇక సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి బయటికి వచ్చినట్టయింది.

అటు నుంచి అటే పోయి లక్ష్మి మూడు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించింది. ఒకటి తన దగ్గర, ఒకటి కన్నమ్మ దగ్గర, ఒకటి సమ్మక్క దగ్గర. నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

సోమవారం విచారణలో తాత మాట్లాడాడు, అధికారి చివరిదాకా విన్నాడు. సాక్ష్యం నమోదు చేయమన్నాడు. గుమాస్తా రిజిస్టర్ తెచ్చి సిరా డబ్బీ కన్నమ్మ ముందుకు జరిపాడు. "ఇక్కడ వేలు పెట్టమ్మా."

కన్నమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "ముందుగాల చదివి వినిపియ్యి సారూ. చదవకుండ నొక్కితే ఏమైతదో మా అన్నను అడుగు."

గుమాస్తా నా వైపు చూశాడు. నేను పైన తిరిగే ఫ్యాను వైపు చూశాను. అతను మొత్తం చదివి వినిపించాకే ఆమె వేలు పెట్టింది.

తర్వాత సాక్షిగా నేను సంతకం చేయాలి. సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాను. ఒకసారి చదివాను. మళ్లీ చదివాను. సంతకం పూర్తయ్యేదాకా కన్నమ్మ పక్కనే నిలబడి, నా ఎడమ చేతి బొటనవేలిని తన పిడికిట్లో గట్టిగా పట్టుకునే ఉంది.