ఆమె చేతిరాత

నా ఎంఏ పట్టా దాచుకున్న ప్లాస్టిక్ ఫైలులో, పట్టా వెనకాల, ఎనిమిదేళ్లుగా ఒక జవాబు కాగితం ఉంది. దాన్ని చించలేను. బయటికి తీయలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు, రేపు బస్టాండులో ఎదురైనా పలకరించరు. అంత దూరం ఉంటే తప్ప నాకు నోరు పెగలదేమో.

నాది కమలాపురం దగ్గర పల్లె. ఇంగ్లిష్ లెక్చరరుగా కర్నూలు పడమటి వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వేశారు. వెనకబడిన పిల్లలకు సాయంత్రం నాలుగింటికి ప్రత్యేక క్లాసు నడపమన్నారు. ముందొక పరీక్ష, మూడు నెలలు చెప్పాక ఇంకొకటి. రెండో దాంట్లో మార్కులు పెరిగితే ఆ పేరు వెనకబడినవాళ్ల జాబితా నుంచి తీసేయాలి. వినడానికి ఎంత బాగుంది!

ఆ క్లాసులో ఉరుకుందమ్మ ఉండేది. బీఏ మొదటి ఏడాది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ముందు బెంచీలో కూర్చుని నేను చెప్పే ప్రతి మాటకూ పెదవులు కదిపేది. మొదటి పరీక్షలో ఆమెకు యాభైకి నాలుగు వచ్చాయి.

డిసెంబరులో సెలవు చీటీ ఇచ్చింది. ‘సుగ్గికి పోతాండాము’ అని ఉంది. మా వైపు నేను ఆ మాట వినలేదు. ఏదో పండుగ అనుకుని, “సుగ్గికి ఏం వండుతారమ్మా?” అని అందరి ముందూ వేళాకోళం చేశాను. ఒక్కరూ నవ్వలేదు. సుగ్గి అంటే వలస అని తర్వాత అటెండరు చెప్పాడు. ఇక్కడ పనుల్లేక, ఇంటిల్లిపాదీ లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. సిగ్గేసింది. ఆ సిగ్గు ఒక పూట ఉండింది, అంతే. ఆ నెలలోనే నా క్లాసు సగం ఖాళీ అయింది. రెండో పరీక్ష రాయాల్సిన వాళ్లు మిరప చేలల్లో ఉన్నారు.

సరిగ్గా అప్పుడే కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని ప్రిన్సిపాల్ ఫైళ్లు అడిగారు. దొంగ కాగితాలు తయారుచేయమని ఆయన అనలేదు. ఆ తెలివి నాదే. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని, లేనివాళ్లందరి పరీక్షా నేనే రాశాను.

రాత కలవాలి కదా? అందుకని ఉరుకుందమ్మ మొదటి పేపరు పక్కన పెట్టుకుని శ్రద్ధగా చదివాను. అంతకుముందు దిద్దినప్పుడు ఎర్రగీతలు కొట్టానే తప్ప చదవలేదు. బస్ అని రాయాల్సిన చోట ఆమె ఇంగ్లిష్ అక్షరాల్లో బస్సు అని రాసింది. స్కూలు. పెన్ను. బుక్కు. ప్రతి మాట చివరా ఒక ‘యు’ అక్షరం. తెలివి లేక కాదు. మనం నోటితో ఎలా పలుకుతామో, చెవికి ఎలా వినిపిస్తుందో, అలాగే ఒక్క శబ్దమూ వదలకుండా రాసింది. అంత జాగ్రత్తగా వినే పిల్లకు ఆ ఒక్క ముడి విప్పితే చాలు, మిగతాది తనే నేర్చుకునేది. పదిహేను రోజుల పని. ఆ మధ్యాహ్నం నాకది స్పష్టంగా అర్థమైంది. అర్థమైనదాన్ని ఏం చేశాను? నాలుగైదు చోట్ల ఆ ‘యు’లను అలాగే ఉంచి, మిగతావి తీసేసి, ఆమె మెరుగుపడినట్టు రాశాను. ముప్పై నాలుగు మార్కులు వేశాను. జాబితాలో పేరు కొట్టేశాను. నా ఉద్యోగంలో ఒక విద్యార్థిని అంత బాగా తెలుసుకున్నది ఆ ఒక్కరోజే.

మార్చిలో ఆమె తిరిగొచ్చింది. మిరప ఘాటుకు వేళ్ల తోలు ఊడి ఉంది. నాలుగింటికి వచ్చి తన బెంచీలో కూర్చుంది. మళ్లీ చేర్చుకుంటే ఎందుకని ఎవరైనా అడుగుతారు, ఫైలు తీస్తారు. నా భయం అది.

“నీకీ క్లాసు అక్కర్లేదమ్మా. రెండో పరీక్షలో ముప్పై నాలుగు వచ్చాయి,” అన్నాను.

“నేను యాడ రాసినా సార్? నేనాపొద్దు గుంటూరు కాడ ఉంటి.”

కాగితం తెచ్చి చూపించాను. దబాయించడానికే అయి ఉండాలి. ఆమె అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ పోయింది. రెండో లైను దగ్గర వేలు ఆగిపోయింది.

“రాత నాదే మాదిరి ఉండాది సార్. నేనే రాసింటే, నాకు సదివేకి ఎందుకు రాల్యా?”

“ఇంటికి పోయి నిదానంగా పుస్తకం చదువుకో. వస్తుంది,” అన్నాను.

“సరే సార్,” అని కాగితం నా చేతికిచ్చి వెళ్లిపోయింది. సార్ అబద్ధం చెప్పడని నమ్మిందా? లేక అంతా తెలిసీ మర్యాద కోసం ఊరుకుందా? రెండోదే అయితే నేను ఇంకా చిన్నవాడినైపోతాను. ఆ సాయంత్రం కాగితాన్ని మళ్లీ కాలేజీ ఫైలులో పెట్టకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరూ అడగలేదు.

సెమిస్టరు పరీక్షలో ఆమె ఇంగ్లిష్ తప్పింది. మరుసటి ఏడు సుగ్గికి పోయి, ఇక కాలేజీకి రాలేదు. కాలేజీకి మాత్రం మంచి గ్రేడు వచ్చింది. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఇప్పుడూ నాలుగింటి క్లాసు చెబుతున్నాను. ఎవరి పేపర్లోనైనా మాట చివర ఆ ‘యు’ కనబడితే పక్కన కూర్చుని నేర్పుతాను. దాంతో చెల్లుకు చెల్లు అనుకోవడానికి మనసు ఒప్పుకోదు. వాళ్ల ఊరు బస్సు దిగాక మూడు కిలోమీటర్లు. ఎనిమిదేళ్లలో నడవలేనంత దూరమా అది? పోలేదు. పోతానని కూడా మీకు మాటివ్వను, ఇప్పటికే చాలా అబద్ధాలు రాశాను.

ఇదంతా నా సొంత రాతలోనే రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, దాచడమెందుకు. ఆమె అడిగినదానికి జవాబు నాకు ఆ రోజే తెలుసు. అది నువ్వు రాయలేదు ఉరుకుందమ్మా. నేను రాశాను.