జగన్నాధం మాస్టారు ఒప్పుకోని తప్పు

మా జగన్నాధం మాస్టారు కుర్రతనంలో ఎక్కడో పెద్ద నేరం చేశారనీ, ఆ పాపం పోగొట్టుకోవడానికే కనబడ్డ తప్పునల్లా నెత్తిన వేసుకుంటున్నారనీ మా వీధిలో ఒక పుకారు ఉంది. పుట్టించిన మనిషి పేరు నేను చెప్పను. ఆవిడ నా తోటికోడలు. నేను చదివింది అయిదో తరగతే అయినా, ఆరా తీయడంలో కోటబొమ్మాళి చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరని మా ఇంటాయనే ఒప్పుకున్నారు, అదీ విసుక్కుంటూ. అందుకని బాగా ఆరా తీసే చెబుతున్నాను: మాస్టారు ఏ నేరమూ చేయలేదు. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా "తప్పు నాదే" అనేస్తారు.

ఒకసారి ఊరంతా కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మరు పేలిందన్నాడు. మాస్టారు చీకట్లో తడుముకుంటూ అతని దగ్గరకెళ్ళి, "తప్పు నాదే బాబూ, అప్పుడే మా ఫ్యాను అయిదులో పెట్టాను" అన్నారు. కాదని అతను ఎంత చెప్పినా వినరే! చివరికి అతను దండం పెట్టి, "సరే మాస్టారూ, ఇకనుంచి మూడులో పెట్టుకోండి" అని నిచ్చెన ఎక్కేశాడు. అప్పటినుంచీ మాస్టారింట్లో ఫ్యాను మూడు దాటదు.

ఇంకోసారి టెక్కలి బస్సులో కండక్టరు కేకలేశాడు. "టికెట్టు తీసుకోనిది ఎవులు?" మాస్టారు చెయ్యెత్తారు.

"మరి ఆ జేబులో కనబడతన్నది ఏటండి?"

"టికెట్టే."

"మరి సెయ్యెందుకెత్తేరు?"

"మీరంత గట్టిగా అడుగుతుంటే ఎవరో ఒకరు పలకాలి కదండీ."

ఆయన భార్య లక్ష్మీనరసమ్మ బాధ వేరు. మా అరుగు మీద కూర్చుని ముక్కు చీదేది. "కూరలో ఉప్పు నాను రెండు తడవలేసేసినా తప్పు ఈయనదేనట పిన్నీ, ఆకలేసి తొందరపెట్టేరట! ఎదురు తిరిగే మొగుడైతే ఓ పూట దెబ్బలాడుకుందుం. ఈ జన్మకి ఆ సరదా లేదు."

ఇక బడిలో సరేసరి. కిటికీ అద్దం పగిలినా, గంట ఆలస్యంగా కొట్టినా, పిల్లలు కొట్టుకున్నా మాస్టారే ముద్దాయి. ఆయన చెప్పేది సోషలు. పాఠంలో ఏ రాజో ఊళ్ళు తగలబెడితే, ఆ రాజు తరఫున కూడా కాసేపు నొచ్చుకుని గానీ పుస్తకం మూసేవారు కాదు.

రెండువేల పదిహేనులో మా బడికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. పెద్ద పండగ చేయాలన్నారు. పాత విద్యార్థీ, బడి కమిటీ పెద్దా అయిన కూర్మయ్య నాయుడు షామియానా, మైకు, భోజనాలు అన్నీ తన మీద వేసుకున్నాడు. తొమ్మిదో తరగతి బేబీ "మా బడి" మీద మాట్లాడాలని నిర్ణయమైంది. ఆ పిల్ల తెలుగు చదివితే రేడియో వింటున్నట్టే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మాస్టారు అంటరానితనం పాఠం మొదలుపెట్టారు. పుస్తకంలో "కొన్ని ప్రాంతాలలో" అని ఉంది. ఒక కుర్రాడు లేచి, "ఏ ప్రాంతాల్లోనండి?" అన్నాడు. "తప్పు నాదే, అది నేను ముందే చెప్పాల్సింది" అని మాస్టారు, "ఇళ్ళకెళ్ళి మీ తాతల్నీ అవ్వల్నీ అడగండి, ఈ బడిలో వాళ్ళు ఎక్కడ కూర్చునేవారో" అన్నారు.

మర్నాడు అందరూ "లోపలే" అన్నారు. బేబీ ఒక్కతే, "మా నాయనమ్మ బయట కూర్సున్నాదండి, కిటికీ కింద" అంది. క్లాసు గొల్లుమంది. సాయంత్రానికి మాట ఊరు చుట్టేసింది. రాత్రికి కూర్మయ్య చెవిన పడింది.

"మన ఊళ్ళో అలాటిది ఎప్పుడూ లేదు!" అని కూర్మయ్య మర్నాడు బడి వరండాలో చిందులేశాడు. "అది ఎక్కడో దూరదేశాల ముచ్చట. పండగ పూట ఊరి పరువు తీస్తారేటి? ఆ గుంట మైకులో అబద్ధమాడేనని ఒప్పుకుంటే మాట్లాడనీండి. లేదంటే స్టేజీ ఎక్కనీకండి."

ఆ మాట విని పిల్లలు బేబీకి అబద్ధాలకోరని పేరు పెట్టారు. బేబీ బడి మానేసింది.

నేను ఈ ఊరికి కోడలిని. మాది పొందూరు అవతల. ఇన్నేళ్ళ కాపురంలో ఎవరింట్లో ఏ కూరో గోడవతలనుంచే చెప్పేదాన్ని, నాకు ఈ సంగతి తెలియకపోవడమేమిటని రోషం వచ్చింది. చెంగు దోపుకుని చర్చి వీధికి బయలుదేరాను. బేబీ నాయనమ్మ జ్ఞానసుందరి మిషను ఆసుపత్రిలో ఆయాగా చేరి, అక్కడే పని నేర్చుకుని నర్సుగా రిటైరైన మనిషి. నా బీపీ ఆవిడ చేతిలోనే పెరుగుతుంది, తగ్గుతుంది.

"ఏటి సుందరీ, నిజంగా బయటే కూర్సున్నావేటి?"

"మరేటనుకున్నావు? గోనెపట్టా ఏసుకుని. మా పేట గుంటలం అందరం."

"బోర్డు అవుపడీదా?"

"కిటికీలోంచి సగం. అందుకే నాకు అయిదో ఎక్కం వరకే వస్తాది. ఆరో ఎక్కం నుంచీ గోడ అడ్డం."

నేను నవ్వేశాను. తనూ నవ్వింది. తర్వాత ఇద్దరం ఒక్కసారే ఆపేశాం.

"వానొస్తేనో?"

"వానొస్తే మాకు సెలవు, లోపలోళ్ళకి పాఠం. వానాకాలమంతా అలాగే పోయీది."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"ఎవులు అడిగేరు? మాస్టారు అడగమన్నారని ఈ గుంట అడిగింది. సెప్పేను. ఇప్పుడది అబద్ధాలకోరైపోయింది. సంచీ మూల పడేసి కూర్సుంది సూడు. నా సదువు గోడ దగ్గర ఆగిపోయింది. దీని సదువు నా నోటి దగ్గర ఆగిపోతాదేటి గున్నమ్మా?"

నేను మూలనున్న ఆ సంచీ తీసి, దుమ్ము దులిపి, బేబీ పక్కన పెట్టి వచ్చేశాను.

ఇటు హెడ్‌మాస్టరు ఒక ఉపాయం కనిపెట్టారు. జగన్నాధం మాస్టారు ఎలాగూ ప్రతిదానికీ "తప్పు నాదే" అంటారు. స్టేజీ మీద ఆ ఒక్క మాట అనేసి, పాఠం నేనే తప్పుగా చెప్పానంటే గొడవ చల్లారిపోతుంది. కూర్మయ్య ఒప్పుకున్నాడు. మాస్టారిని అడిగితే తలూపి, "మైకు ఇవ్వండి" అని మాత్రం అన్నారట. పండగ రోజు నేను మధ్యాహ్నమే వెళ్ళి ముందు వరసలో నాకూ లక్ష్మీనరసమ్మకీ రెండు కుర్చీలు ఆపుకున్నాను.

సాయంత్రానికి షామియానా కిక్కిరిసింది. పెద్దలంతా ముందు కూర్చున్నారు. జ్ఞానసుందరి బేబీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టింది. హెడ్‌మాస్టరు, "జగన్నాధం గారు ఒక్క మాట చెబుతారు" అన్నారు. అది ఏ మాటో అందరికీ తెలుసు. ఆటో నడిపే పోతురాజు అయితే పక్కవాడికి ముందే అందించేశాడు. "సూడు, తప్పు నాదే అంటారు."

మాస్టారు గొంతు సవరించుకుని, "ఈ తప్పు నాది కాదు" అన్నారు.

లక్ష్మీనరసమ్మ నా చెయ్యి పట్టుకుని పిసికేసింది. "ఓలమ్మో పిన్నీ, ఈయనకి ఒంట్లో బాగోలేదు!"

కూర్మయ్య లేచాడు. "అదేటి మాస్టారూ, అనుకున్నదేటి, మీరు సెప్తన్నదేటి?"

"చెబుతాను బాబూ, కూర్చోండి. ముందు పాత విద్యార్థులకి చిన్న ప్రశ్న. ఆ రోజుల్లో వాన పడితే బడికి సెలవిచ్చేవారా?"

"సెలవా!" కూర్మయ్యకి ముఖం జేవురించింది. "మాకెక్కడి సెలవు? ఆ బయట కూర్సున్నోళ్ళకే సెలవు! ఆళ్ళు గెంతుకుంటా ఇళ్ళకి పోతంటే, మేము లోపల కూర్సుని ఏడుపుముఖాలేసుకుని గుణింతాలు..."

అక్కడ ఆగాడు. మైకు లేకపోయినా ఆ మాట ఆఖరి వరస దాకా వినబడింది. చిన్నప్పటినుంచీ కడుపులో దాచుకున్న కుళ్ళు కదా, గొంతు బాగానే పలికింది.

అప్పుడు జ్ఞానసుందరి నిదానంగా లేచింది.

"మా సెలవులన్నీ నువ్వు పట్టుకుపో బాబూ. నీ పాఠాలు నాకిచ్చెయ్యి."

కూర్మయ్య గేటు వైపు చూశాడు. పోతాడనుకున్నాను. పోలేదు. స్టేజీ ఎక్కి మాస్టారి చేతిలో మైకు తీసుకున్నాడు. "బయటే కూర్సోబెట్టీవోరు. నాను కళ్ళారా సూసేను. మన ఊళ్ళో లేదన్నాను. ఉంది. బేబీ అబద్ధమాడలేదు. ఆడింది నాను" అన్నాడు. వెనకాల ఒక ముసలాయన, "నానూ లోపలే కూర్సున్నానురా" అని చెయ్యెత్తాడు. ఆ పక్కన ఇంకొకాయన. తర్వాత ఇంకో ఇద్దరు. నెరిసిన తలలన్నీ తొమ్మిదో తరగతి పిల్లల్లా చేతులెత్తి కూర్చున్నాయి.

అదే సమయానికి మైకు కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా అరిచింది. "తప్పు నాదే, తీగ తొక్కాను" అన్నారు మాస్టారు. లక్ష్మీనరసమ్మ నా చెయ్యి వదిలేసింది. "అమ్మయ్య, బాగానే ఉన్నారు."

బేబీ మాట్లాడింది. కిటికీ, గోనెపట్టా, వాన, ఒక్కటీ వదల్లేదు. చప్పట్లు కూర్మయ్యే మొదలుపెట్టాడు. మర్నాడు బేబీ సంచీ తగిలించుకుని మా ఇంటి ముందునుంచే బడికి వెళ్ళింది. నేను చూడాలనే ఆ దారిన వెళ్ళిందని నా నమ్మకం.

ఇప్పుడు ఏటేటా ఆ పాఠం వచ్చినప్పుడు కూర్మయ్యే తొమ్మిదో తరగతికి వెళ్ళి, ఆ కిటికీ కింద నిలబడి ఇది చెబుతాడు. ఒక ఏడాది జ్వరంతో ఉండి, మఫ్లరు చుట్టుకుని మరీ వెళ్ళాడు. మొన్న సంతలో పక్క ఊరి ఆడది నన్ను చూసి, "మీ ఊళ్ళో సదువుకునే గుంటల్ని బయట కూర్సోబెట్టీవోరటకదా!" అని మూతి తిప్పింది. "ఔను, కూర్సోబెట్టేరు. మా ఊరు మైకులో సెప్పింది. మీ ఊరి కిటికీల కింద ఎవులు కూర్సున్నారో ఎల్లి అడుగు" అన్నాను. ఆవిడ వంకాయలు మరిచిపోయి వెళ్ళిపోయింది. నేను మెడ నిలబెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ వచ్చేది పోతురాజు ఆటోలో. దారిలో వాడు తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాడు. క్లాసులో ఇండియా పటం చింపింది వాడే. మాస్టారు యథాప్రకారం తన మీద వేసుకున్నారు. "తన్నులైతే తినీసి మరిసిపోయీవోడిని పిన్నీ. ఆయన నెత్తినేసుకునేసరికి అన్నం సయించలేదు. సాయంత్రం ఆయనింటికెళ్ళి నానేనని సెప్పేసేను. మైదాపిండి ఉడకబెట్టించి, రారా ఇద్దరం అతికిద్దాం అన్నారు. నాతో సదివినోళ్ళలో సగం మంది అలాగ ఆ గుమ్మం తొక్కినోళ్ళే."

అదన్నమాట ఆయన జబ్బు! తను ముందు ఒప్పుకుని, వెనకాల వచ్చేవాడికి దారి వేసి కూర్చునేవారు. అంతా అర్థమైంది గానీ ఒక్కటి మిగిలిపోయింది. నాకు మిగిలిపోయింది అంటే ఆ పూట అన్నం అరగదు. ఆటో దిగి సంచులతోనే మాస్టారింటికి వెళ్ళాను.

"మాస్టారూ, నిజం సెప్పండి. ఊళ్ళో తప్పులన్నీ మీవే అంటారు కదా. మరి ఆ రోజు స్టేజీ మీద ఆ ఒక్క తప్పూ మీదని ఎందుకనలేదు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వైపు విడ్డూరంగా చూశారు.

"భలేదానివి పిన్నీ! మిగతావి చిల్లర తప్పులు, ఎవరు తీసుకున్నా అడిగేవాళ్ళుండరు. అది ఊరందరి ఉమ్మడి సొత్తు. నేనొక్కణ్ణే కాజేస్తే దొంగతనం కాదేటి?"