మావయ్యగారి కుడి చెయ్యి

మా మావయ్యగారు పోయిన మంగళవారం పొద్దున రాజోలులో కన్నుమూశారు. చర్చి వాట్సాప్ గ్రూపులో ‘అమెరికాలో గొప్ప సంగీత దర్శకులు’ అని రాశారు. ఏ సినిమాలకు చేశారని నలుగురు నాకు ఫోన్ చేసి అడిగారు. ఆయన చేసింది ఆర్కెస్ట్రా కండక్టర్ పని, అంటే వాయిద్యగాళ్ళ ముందు నిలబడి చిన్న కర్ర ఊపుతూ వాళ్ళను నడిపించడం. ఆ మాట చెబితే ఏ రూటు బస్సని అడుగుతారని ఆయనే నవ్వేవారు.

మా అమ్మకు అన్నయ్య. మా చర్చి క్వైర్‌లో వయొలిన్ వాయిస్తూ పెరిగి, సంగీతం చదవడానికి అమెరికా వెళ్ళారు. మొదట దొరికింది వాయిద్యగాళ్ళ ముందు నోట్సు కాగితాలు సర్దే పని. తర్వాత పన్నెండేళ్ళు సహాయకుడు. అసలు కండక్టరుకు జ్వరమొస్తే తప్ప కర్ర చేతికి రాదు. యాభై దాటాక గానీ ఒక చిన్న పట్టణం ఆర్కెస్ట్రాను ఆయన చేతిలో పెట్టలేదు. “కర్ర చప్పుడు చెయ్యదమ్మా. వాయించేది వాళ్ళు, వంగి దండం పెట్టేది నేను,” అనేవారు. సెలవులకొచ్చినప్పుడల్లా నాకు నొటేషన్ చదవడం నేర్పారు. క్వైర్‌లో నాకున్న పాటి మర్యాద ఆయన పెట్టిన భిక్షే.

కొన్నేళ్ళకు కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఏడాది దాచారు. ఒక కచేరీలో వాయిద్యగాళ్ళంతా ఆయన చెయ్యి చూడ్డం మానేసి, ముందు కూర్చున్న వయొలిన్ ఆవిడను చూసి వాయించారు. కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడే ఉద్యోగం వదిలి, ఇంటికొచ్చేశారు.

ఇక్కడ రెండేళ్ళు పాట ఊసెత్తలేదు. పోయినేడు నేనే బతిమాలాను, గుడ్ ఫ్రైడేకి మా క్వైర్‌ను నడిపించమని. మాత్ర వేసుకుంటే చెయ్యి కాస్త నిలుస్తుందని ఒప్పుకున్నారు. మొదటి ప్రాక్టీసుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నారు.

మొదటి చరణం బాగానే సాగింది. రెండోదానికి చెయ్యి వణికింది. మావాళ్ళకు పెద్దలంటే ఎంత భక్తంటే, అది అమెరికా పద్ధతి కాబోలనుకుని, చెయ్యి ఎలా ఆడితే గొంతులు అలా వణికించారు. జబ్బు సంగతి తెలిసిన నేను నోరు మూసుకోవచ్చు కదా. పక్కవాళ్ళతో కలవదేమోనని నేనూ వణికించాను. ఆ బుద్ధి తక్కువ పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పాటయ్యాక మాతో పాడే టీచరుగారు వినయంగా అడిగారు. “వణుకు సరిపోయిందాండీ? ఇంకొంచెం పెంచమంటారాండీ?”

“ఆయ్, సరిపోయిందండి. బాగా పాడేరు,” అన్నారు మావయ్యగారు.

ఇంటికి వస్తూ కాలవ గట్టు మీద ఆగారు. “అక్కడ జాలిపడి నా చెయ్యి చూడ్డం మానేసేరమ్మా. ఇక్కడ నమ్మి చూసేరు. ఏది నయమో తెలీట్లేదు.”

ఆ తర్వాత ప్రాక్టీసుకు రాలేదు. ఆదివారాలు వెనక బల్ల మీద, చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు.

భూస్థాపన నాడు పెట్టె మూసేముందు మేము పాడాలి. తెల్ల బట్ట మీద ఆ కుడి చెయ్యి కదలకుండా ఉంది. పాస్టరుగారు మొదలుపెట్టమని రెండుసార్లు సైగ చేశారు. మేము పన్నెండుమందిమీ ఆ చేతికేసే చూస్తూ నిలబడిపోయాం.