రెండు దగ్గరే నొక్కు

మా చిన్నాడికి ఫోటోలు తీయడం తప్ప ఇంకో పని రాదు. ఆ తీయడంలో వాడికో కిటుకుంది. "మూడు అనేదాకా కదలకండి" అంటాడు, రెండు అనగానే నొక్కేస్తాడు. మూడు కోసం బిగుసుకుని కూచున్నవాళ్లే సరిగ్గా అప్పుడు కళ్లార్పుతారట. ముప్ఫై ఏళ్లలో వాడి చేతిలో కళ్లు మూసుకున్న మొహం ఒక్కటీ లేదు.

పెళ్లిళ్లనీ పేరంటాలనీ ఫోన్లు ఎగరేసుకుపోయాయి. మిగిలింది మా ఫోటో కొట్టుకి ఎదురుగా ఉన్న ఆఫీసు. గుర్తింపు కార్డుకి ఫోటో తెమ్మంటే జనం రోడ్డు దాటి మా కొట్టుకొచ్చేవాళ్లు. మొన్న ఆ ఆఫీసువాళ్లే కౌంటరు మీద వేలెడంత కెమెరా పెట్టారు. అయితే అది మహా పెంకిది, కళ్లు మూస్తే ఒప్పుకోదు. అక్కడి పిల్ల మూడు లెక్కపెట్టి నొక్కడం, అది కాదనడం, క్యూ గేటు దాకా పాకడం. విసిగినవాళ్లు మళ్లీ మా కొట్టుకే వచ్చి ఫోటో తీయించుకెళ్లేవాళ్లు.

"చూశావా అమ్మా, మిషనుకీ నేనే దిక్కు" అన్నాడు. వాడి కొట్టు నిలబడిందని నేనూ మురిశాను.

ఇంతలో నా కార్డు గడువు తీరింది. వేలిముద్ర కూడా కావాలంటే వాడే చెయ్యి పట్టుకు తీసుకెళ్లాడు. వేలిముద్రయ్యాక, ఎలాగూ వచ్చారుగా అంటూ ఆ పిల్ల నన్ను కెమెరా ముందు కూచోబెట్టింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. కాదంటుంది మిషను.

"ముసలావిడకి నిద్రొస్తున్నట్టుంది, పక్కేయండి!" అన్నాడు వెనకెవడో.

"బామ్మగారూ, కళ్లు తెరవండి" అందా పిల్ల.

నాకు ఒళ్లు మండింది. "నా కళ్లు బానే ఉన్నాయి, నీ లెక్కే బాలేదు. మావాడిలా రెండు దగ్గరే నొక్కు!"

నొక్కింది. మిషను ఒప్పుకుంది.

"భలే చెప్పారు బామ్మగారూ!" అంది.

నా వెనకాయనకీ రెండు దగ్గరే నొక్కింది. ఆ వెనకావిడకీ. క్యూ చకచకా కదిలింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నానని అప్పుడు తెలిసింది. మావాడు నేల చూస్తున్నాడు.

"నోరు జారానురా" అన్నాను రోడ్డు దాటుతూ.

"పోనీలేమ్మా. ఇవాళ కాకపోతే రేపు, ఎవరో ఒకళ్లు చెప్పేవాళ్లే."

ఇప్పుడు మా కొట్లో కూచుంటే ఎదుటి కిటికీలోంచి "ఒకటి, రెండు" వినిపిస్తుంది. ఇవతలికి ఎవరూ రారు.

కార్డొచ్చింది. గుడ్లగూబలా కళ్లు తెరుచుకుని ఉన్నాను.

"అత్తయ్యా, ఎంత బాగా పడ్డారో!" అంది కోడలు, పిచ్చిది.

వాడు చాలాసేపు చూశాడు. "గడ్డం కాస్త దించుంటే బావుండేదమ్మా. పక్కనే ఉన్నాను, చెప్పలేకపోయాను" అన్నాడు.